చివరి వరుసలో మా నాయనమ్మ

మా చిన్నప్పుడు... మొఘల్‌పురాలో మా ఇంటి బర్రెల కొట్టమే మా చిన్నమ్మకు బడి. సాయంత్రం పాలు పిండడం అయ్యాక కొట్టం తలుపు మీద సుద్దముక్కతో రాస్తూ, గడ్డిమోపుల మీద కూర్చున్న పిల్లలం మాకందరికీ పాఠం చెప్పేది. వెనక బర్రెలు నెమరేస్తూ వినేవి... వాటికి మాత్రం వేరే పనేముంది?

చిన్నమ్మ అంటే మా బాపు తమ్ముడి భార్య, రుక్కమ్మ. పుట్టింట్లో చదువుకుని వచ్చింది. ఉస్తానీ కావాలని... అంటే పంతులమ్మ కావాలని... పెళ్లయ్యాక ట్రైనింగులో చేరింది. అది నిజాం కాలం. ట్రైనింగులో వాళ్లకు చెప్పేదంతా ఉర్దూలో. చిన్నపిల్లలకు పాఠం చెప్పి చూపించాల్సింది మాత్రం తెలుగులో.

ఆ చదువు పుస్తకం బట్టీపడితే అయ్యేది కాదండీ. బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకు వీపు చూపకూడదు, పక్కకు నిలబడి రాయాలి. సుద్దముక్క కీచుమనకూడదు. ప్రతి పిల్లనూ పేరు పెట్టి పిలిచి, కళ్లలోకి చూసి అడగాలి. తప్పు చెప్పిన పిల్లను మిగతావాళ్లు నవ్వితే ఆ తప్పు పంతులమ్మదే! ఇవన్నీ చిన్నమ్మకు వచ్చేశాయి. రానిది ఒక్కటే... గొంతు.

గొంతు చివరి వరుసదాకా వినపడాలి. మా ఇళ్లలోనేమో అత్త ఎదుట కోడలు తలెత్తి, గొంతెత్తి మాట్లాడితే మర్యాద కాదు. నాయనమ్మ కొట్టంలో అడుగుపెట్టిందంటే చాలు, చిన్నమ్మ చెయ్యి కొంగు మీదికి, చూపు నేల మీదికి పోయేవి. ఇంట్లో తగ్గించీ తగ్గించీ బడిలోనూ అదే అలవాటైంది. అంతకు ముందటేడు పరీక్షలో గొంతు వెనక్కి వినపడలేదని ఫెయిల్ చేశారు కూడా.

మా నాయనమ్మ చెడ్డదేం కాదు... నోరు పెద్దది, అంతే. ఆమె ఒక్క కేక వేస్తే సందు చివర పడుకున్న కుక్క లేచి కూర్చునేది. ఈసారి మాత్రం తేల్చి చెప్పేసింది.

"ఇను పిల్లా... ఈసారి గూడ గాకపోతె ఇగ బడి ముచ్చట బందు. ఇంట్ల బర్రెల పని మస్తున్నది."

చిన్నమ్మ తల ఊపింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

పరీక్ష పాఠం నేను చదివే బడిలో, మా తరగతిలోనే పెట్టారు. శేరు, అర్ధశేరు, పావుశేరు చెప్పాలి. వస్తువు చూపించకుండా ఊరికే నోటితో చెబితే ఒప్పుకోరు కాబట్టి మా ఇంటి పాల కొలతలు కావలసి వచ్చాయి. వాడుక ఇళ్లకు పాలు పోయకుండా కొలతలు ఇచ్చేదే లేదంది నాయనమ్మ. "పోసినంక నేనే తెస్త తియ్యి, ఫికర్ జెయ్యకు" అంది.

పరీక్ష చేసే పెద్ద ఉస్తానీ కుర్చీలో కూర్చుంది. నేను చివరి వరుసలో చాప మీద ఉన్నాను. చిన్నమ్మ మొదలుపెట్టింది... పర్వాలేదు, గొంతు బాగానే వస్తోంది... అంతలో నాయనమ్మ వచ్చింది. కొలతలు బల్ల మీద పెట్టింది. ఇక వెళ్లిపోతుందనుకుంటే, వెళ్లలేదు! గోడకు ఆనుకుని నిలబడింది. కోడలు ఏం చెబుతుందో చూడాలి కదా మరి.

ఇంకేముంది... చిన్నమ్మ కొంగు తలమీదికి వచ్చేసింది. చూపు నేలమీదికి దిగింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. పెద్ద ఉస్తానీ కాగితం మీద ఏదో రాసుకుంటోంది. "పఢావ్, రుకో మత్" అంది, ఆగకుండా చెప్పమని. చిన్నమ్మ ఇంకా ముడుచుకుపోయింది. నాకు ఏడుపొచ్చేసింది... అయిపోయింది, ఇక చిన్నమ్మ బడి అయిపోయింది అనుకున్నాను.

నాయనమ్మ అటూ ఇటూ చూసింది. ఏమనుకుందో ఏమో, గబగబా వచ్చి చివరి వరుసలో నా పక్కన చాప మీద చతికిలబడింది.

"ఏందే పిల్లా, ఇనొస్తలేదు! ఈడిదాంక ఇనొచ్చేటట్టు గట్టిగ చెప్పు!"

అత్త చెప్పాక కోడలు కాదనకూడదు. అదీ మా ఇంటి మర్యాదే!

చిన్నమ్మ తలెత్తింది. గొంతు ఖంగుమని వచ్చింది. పావుశేరుతో నీళ్లు ముంచి శేరులో పోస్తూ, ఒక్కో పిల్లనూ పేరుతో పిలిచి అడుగుతూ, తానెక్కడుందో కూడా మరచిపోయింది. "శేరు నిండాలంటే ఎన్ని పావుశేర్లు పొయ్యాలె?" అని అడిగింది.

"నాలుగు!" అని అరిచింది నాయనమ్మ.

"అట్ల కాదు... చెయ్యెత్తి చెప్పాలె" అనేసింది చిన్నమ్మ.

అన్న తర్వాత గానీ చిన్నమ్మకు తెలియలేదు, ఎవరిని అన్నదో. మొహం తెల్లబోయింది.

నాయనమ్మ... గాజులు గలగలమంటుండగా చెయ్యెత్తింది.

పెద్ద ఉస్తానీ నవ్వు ఆపుకోలేకపోయింది. లేచి వెళ్తూ "ఆవాజ్ అచ్ఛీ హై" అంది, గొంతు బాగుందని. ఆ మాట విన్నాక చిన్నమ్మ గుమ్మం దగ్గర కూలబడి హమ్మయ్య అని ఎంతసేపు ఊపిరి పీల్చుకుందో! కొన్నాళ్లకు పాసైనట్టు కబురు కూడా వచ్చింది.

పరీక్ష అయిన రోజు నడిచి ఇంటికి వస్తుంటే నాయనమ్మ అడిగింది. "గింత గొంతు పెట్టుకొని ఇన్నొద్దులు యాడ దాసినవే?"

"మీ ముంగట ఎట్ల మాట్లాడుదు అత్తమ్మా..."

మా సందు మలుపులో నాయనమ్మ ఆగి, "ఇంట్ల గూడ గట్లనే మాట్లాడు. నేను చెవి వెట్టి ఇంటా" అంది.

ఇప్పుడు బళ్లలో మైకులొచ్చాయి. కోడళ్లను గొంతెత్తమని ఎవరూ అడగక్కర్లేదు, ఎంతో మంచిదైంది. కానీ పాలపని ముగించుకుని వచ్చి, కోడలి పాఠం వినడానికి చిన్నపిల్లల మధ్య చాప మీద కూర్చునే మనుషులు... వాళ్లు మాత్రం నాకు మళ్లీ కనిపించలేదు.

మీ ఇంట్లో మొదటి పంతులమ్మ ఎవరు? ఆమె పాఠం చెబుతుంటే మీ ఇంటివాళ్లెవరైనా వెళ్లి విన్నారా? రాయండి... చదవాలని ఉంది.