పసుపు నీళ్లతో కడిగిన చక్రాలు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, చెబుతాను. కుంకుడు నురగలో తడిసిన టైరు వాసన తగిలితే నాకిప్పటికీ రాయగడలో ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

అమ్మ కాన్పుకని ఆసుపత్రికి వెళ్లింది. నన్ను పక్కింట్లో ఉంచారు. ఇంటికొచ్చేసరికి నాన్న మా పాత అంబాసిడర్ చక్రాలు కడుగుతున్నాడు. పక్కన పసుపు నీళ్లు, నిమ్మకాయలు. దసరాకి బండి పూజ అలాగే చేసేవాళ్లం. అమ్మను తేవడానికే అనుకుని నేనూ వీల్ కప్పు తోమడానికి కూర్చున్నాను.

“పీసెట్టి రుద్దకమ్మీ, గీతలు పడిపోతాయి. మెత్తటి గుడ్డెట్టు.”

“అమ్మ మొకం కనపడీలాగ తోమేత్తాను నాన్నా!”

“తోమమ్మీ,” అని నాన్న బకెట్ పట్టుకుని కుళాయికేసి వెళ్లిపోయాడు.

టైరు సందుల్లోని ఎర్రమట్టిని పుల్లతో నేనే తీశాను. అది శ్మశానం దారి మట్టి. అమ్మను ఆసుపత్రి నుంచి ఆ కారులోనే అటు తీసుకెళ్లారట. శవాన్ని మోసిన బండిని మావాళ్లు పసుపు నీళ్లతో కడుగుతారని నాకు తర్వాత తెలిసింది.

మీ ఇంటి నుంచి ఆసుపత్రికి వెళ్లినవాళ్లంతా మళ్లీ మీ గుమ్మంలోకే నడిచి రావాలి తల్లీ.