సంపుటి ఎంత, పుట ఎంత?

ముందుగా వినిపించేది మడ్‌గార్డు. ఊడీ ఊడని ఆ రేకు సైకిలు చక్రాన్ని రాసుకుంటూ, ఎవరో ఆకాశానికి పట్టిన తుప్పు గోకుతున్నట్టు, గర్రుగర్రుమంటూ వస్తుంది. ఆ చప్పుడు వినగానే బెళుగుప్పలో రామాంజి టీ అంగట్లో మాటలు ఆగిపోతాయి. సగం పలికిన మాటను జనం టీతోపాటు మింగేస్తారు. వచ్చేది ఇమాంసాబు. ఎవరేమన్నా ఆధారం అడగందే వదలని మనిషి.

ఒకసారి దాసప్ప చప్పుడు గమనించుకోలేదు. "ఈ కార్తెకు వాన గ్యారంటీ అంటన్నా," అనేశాడు.

సైకిలు ఆగింది. "ఎవురు చెప్పినారు?"

"అందరూ అంటాండారు."

"అందరూ అంటే పుస్తకమా? సంపుటి ఎంత? పుట ఎంత? ఏ సంవత్సరం అచ్చేసినారు?"

"ఏమప్పా, వానకు గూడా పుట నంబరుంటాదా?"

"ఉండాది. తొమ్మిదో సంపుటి, మున్నూట పన్నెండో పుట. 'ఈ పీఠభూమి యందు వర్షము మిక్కిలి స్వల్పము.' అరవై ఏండ్ల కిందటే రాసిపెట్టినారు. వాన లేదు, ఆధారంతో సహా లేదు. టీ తాగు."

దాసప్ప టీ తాగాడు. ఆ కార్తెకు వాన రాలేదు. ఆ పై కార్తెకూ రాలేదు.

ఇమాంసాబు వృత్తి పరుపులు కుట్టడం. కరువులో కొత్త పరుపు అడిగేవాళ్ళు లేరు. ఇంట్లో దూది మూట, ఆకాశంలో ఉండాల్సిన మేఘం దారి తప్పి వచ్చినట్టు, ఒక మూల పడి ఉంటుంది. ఆ ఖాళీ రోజుల్లోకి వికీపీడియా వచ్చింది. ఎవరో లెక్చరరు బెళుగుప్ప శాఖా గ్రంథాలయంలో ఒక పూట శిక్షణ ఇచ్చాడు. పదిమంది వచ్చారు. తొమ్మిదిమంది బిస్కెట్లు తిని వెళ్ళారు. పదో మనిషి మూస దగ్గర ఆగిపోయాడు.

మూస అంటే వికీలో ముందే గళ్ళు కట్టిపెట్టిన చట్రం. పాత విజ్ఞాన సర్వస్వంలోంచి ఒక సంగతి తీసుకుంటే, వ్యాసం పేరు, రాసినవారు, సంపుటి, పుట, అచ్చయిన ఏడు, దేని గడిలో దాన్ని నింపాలి. అప్పుడు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆధారం వెలుస్తుంది. ఒక గడి ఖాళీగా ఉందంటే ఇమాంసాబుకు నిద్ర పట్టదు. "మూలన దూది పెట్టకుండా పరుపు కుట్టినట్టుంటాదమ్మా. ఆ మూలే వీపుకు తగుల్తాది," అంటాడు గ్రంథపాలకురాలు వనజాక్షితో.

ఈ గళ్ళు మెల్లగా ఊరంతా పాకాయి. ఓబులేసు పొలంలో ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరుకు నీళ్ళు చూస్తున్నాడు. కాయ నిక్కబొడుచుకుంది. "మున్నూరడుగుల్లో గంగమ్మ!" అన్నాడాయన. గట్టు మీద నుంచి ఇమాంసాబు, "ఏ పుటలో?" అన్నాడు. ఆయన కాయ సంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఓబులేసు నెలరోజులు తిట్టి, ఇంకొకాయన్ని పిలిపించి, ఏడువందల అడుగుల బోరు వేయించాడు. దుమ్ము లేచింది. ఈసారి ఇమాంసాబు ఏమీ అడగలేదు. "దుమ్ముకు ఆధారమెందుకన్నా, కండ్లల్లోనే ఉండాది," అని ఓబులేసు పక్కన కూర్చున్నాడు.

ఇంట్లో మాత్రం ఆయన ఆట సాగదు. "ఆకలైతాంది షాజాదీ," అంటే భార్య తలెత్తకుండా అడుగుతుంది: "ఎవురు చెప్పినారు?"

వనజాక్షికి ఆయన రోజువారీ శిక్ష. ఆరు కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి సరిగ్గా పదింటికి దిగుతాడు. రిజిస్టరులో సంతకం పెడతాడు. ఆ విజ్ఞాన సర్వస్వం పన్నెండు సంపుటాల్లో ఒకటి అడుగుతాడు. చెదలు ఒక్కో అంచూ కొరికిన ఆ పుస్తకాన్ని తెరిచి, ఒక్క పుట చూసి, మూసి, వెళ్ళిపోతాడు.

"ఈ పుట నిన్నే చూసినావు కదన్నా?"

"నిన్నటికి అది ఉన్నింది. ఈ పొద్దు ఉండాదో లేదో చూడొద్దా?"

జ్వరమొచ్చిన రోజూ దుప్పటి కప్పుకుని వచ్చాడు. ఆమె తల పట్టుకుంది.

ఆమె దిగులు వేరే. రెండేళ్ళ కిందట జిల్లా నుంచి ఒక కాగితం వచ్చింది. ఒక్క చదువరీ రాని రోజులు ఏడాదిలో ముప్పై దాటిన శాఖలను మూసేస్తారు, పుస్తకాలను తూకానికి అమ్మేస్తారు. ఆమే దాన్ని నోటీసు బోర్డుకు అతికించింది. ఊళ్ళోవాళ్ళు పనుల కోసం బెంగళూరు బస్సెక్కుతుంటే, చదవడానికి ఎవరొస్తారు? ఆ రోజు నుంచే ఆమె మనసులో కుర్చీలు ఒక్కొక్కటీ మడత పెట్టుకుంటూ వచ్చింది.

ఒక గురువారం తనిఖీకి రాజేంద్ర అనే అధికారి వచ్చాడు. రిజిస్టరు తిరగేశాడు. పుట వెంట పుట, ఒకటే పేరు.

"ఏందమ్మా ఇది? అంతా నువ్వే గీకినావా?"

"లేదు సార్. ఆయన నిజంగానే వస్తాడు."

"వచ్చినాడని ఆధారమేముంది?"

అప్పుడే వీధిలో గర్రుగర్రుమంది.

లోపలికొచ్చిన మనిషిని రాజేంద్ర అదే ప్రశ్న అడిగాడు. జీవితంలో మొదటిసారి, ఇంటి బయట ఎవరో తనను ఆధారం అడిగారు. ఇమాంసాబు మొహం వాన చూసిన చేనులా విచ్చుకుంది. "కూర్చోండి సార్," అని సెల్లు తీశాడు. "వికీలో నేను చేర్చిన ప్రతి ఆధారానికీ తేదీ ఉంటాది. మార్చి పన్నెండు. రిజిస్టరు చూడండి, సంతకం ఉండాదా? మూసలో నాలుగో సంపుటి, ఎనభై ఎనిమిదో పుట. ఇప్పుడు పుస్తకం తెరవండి."

ఉంది. మార్చి పదమూడుకూ ఉంది. చూడాల్సినవి అట్లా ఆరువందల పన్నెండు; ఒక్కొక్కటే తెరిపిస్తూ పోయాడు. భోజనం వేళ దాటిపోయింది.

"ఇంగ చాలప్పా, నమ్మినా!"

"నమ్మేది వేరే, ఆధారం వేరే సార్. ఏప్రిల్ ఐదు చూద్దాం."

రాజేంద్ర 'శాఖ కొనసాగించవచ్చు' అని రాసి సంతకం పెట్టి, జీపు దగ్గరికి దాదాపు పరుగెత్తాడు.

ఇమాంసాబు నీళ్ళు తాగడానికి కుండ దగ్గరికి వెళ్ళాడు. బల్ల మీద సెల్లు వెలుగుతూనే ఉంది. వనజాక్షి వంగి చూసింది. ఫొటోలు. పన్నెండు సంపుటాలూ, పుట పుటా. తీసిన తేదీ, ఆమె ఆ కాగితం అతికించడానికి నెల ముందుది.

"అన్నా, పుటలన్నీ సెల్లులోనే ఉండాయి కదా. ఇంట్లో కూచోని రాసుకోకుండా, దినామూ ఈడికెందుకు తొక్కినావు?"

ఆయన చెంబు కిందపెట్టి, బోర్డు వైపు చూడకుండా చూశాడు.

"సెల్లులో సంతకం పెట్టే గడి లేదమ్మా."

బోర్డు మీద కాగితం రెండేళ్ళ ఎండకు పసుపెక్కి ఉంది. వనజాక్షి దాని దగ్గరికెళ్ళి, 'ఒక్క చదువరీ రాని రోజులు' అన్న మాటల మీద వేలు ఆనించింది. ఆయన సైకిలెక్కుతుంటే గడప దాకా వెళ్ళింది.

"నువ్వు శానా మంచోడివన్నా."

"ఎవురు చెప్పినారు?"

"మన రిజిస్టరు. ఒకటో పుట నుంచి నూట నలభయ్యో పుట దాకా."

ఆయన ఆలోచించాడు. ఒప్పుకున్నట్టు తలూపాడు. మడ్‌గార్డు గర్రుమంది. నాలుగు బారలు వెళ్ళి, ఒక కాలు నేలకు ఆనించి, వెనక్కి తిరిగాడు.

"సంపుటి గడి ఖాళీగా వదిలినావమ్మా. రేపు శుక్రారం, సెలవు. ఎల్లుండొచ్చి రాపిచ్చుకుంటా."