నోరు కట్టుకోలేదన్న నింద

మా ఆయన అక్క వర్తూరులోని మా ఇంటికి వచ్చి చేరినప్పటి నుంచి నా గొంతు మంటకు ఆమే వైద్యురాలు. కూరల్లో కారం ఆపించింది. కాఫీ మాన్పించింది. ఏడాదిగా చప్పిడి కూడు తింటున్నా, వంగి ఇల్లు ఊడిస్తే చాలు, పుల్లటి నీళ్లు గొంతు దాకా ఎగదన్నేవి.

"దొంగగా తింటాది, నువ్వే చూసుకో" అని తమ్ముడికి ఎక్కించేది. ఆయన నమ్మేవాడు.

ఒక గృహప్రవేశం భోజనాల్లో నా ఆకులో ఊరగాయ వడ్డించబోతే, పక్కనే కూర్చున్న వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"దీనికి వెయ్యొద్దప్పా. నోరు కట్టుకోలేక రోగం తెచ్చుకొనుండాది."

పంక్తిలో కొందరు నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నేను అన్నం వదిలేసి లేచి వచ్చేశాను.

మరుసటి వారం ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి చూశారు. డాక్టరమ్మ కన్నడావిడ, తెలుగు బాగానే మాట్లాడింది.

"పొట్ట పైభాగం కొంచెం ఛాతీలోకి జారుండాదమ్మా. వయసు పైబడితే కొందరికి అట్లవుతాది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మంట ఉండిందా?"

"మా నాయనకు. పోయేదాకా ఉండింది."

"అదీ ఒక కారణం కావచ్చు. కారం తింటే మంట ఎక్కువ కావచ్చు గానీ, ఇది మీరు తిని తెచ్చుకున్నది కాదు."

మా ఆయన ఫోనులోంచి తలెత్తలేదు.

ఇంటికి రాగానే వదిన ఎదురొచ్చి ఏమన్నారని అడిగింది. "గ్యాసంటక్కా" అన్నాడాయన, చెప్పులు విప్పుతూ.

"డాక్టరమ్మ చెప్పింది చెప్పు" అన్నాను.

"సుమ్నే ఉండు, మాట్లాడొద్దు. ఇప్పుడెందుకు రచ్చ?"

"పంక్తిలో నవ్వినప్పుడు లేదా రచ్చ? చెప్పు."

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నసుగుతూ చెప్పాడు. ఆమె మూతి తిప్పింది.

"డాక్టర్లకేం తెలుసు? మా వంశంలో ఎవరికీ లేదు ఈ రోగం."

"మీ వంశంలో లేదు వదినా, మా వంశంలో ఉండాది. మా నాయన్ని కూడా నోరు కట్టుకోలేదంటావా? అను, చూస్తా."

ఆమె విసురుగా లోపలికి పోయింది. నెల తిరక్కుండా బ్రూక్‌ఫీల్డ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. నేను గేటు దాకా కూడా పోలేదు. పండక్కి పిలుద్దామని మా ఆయన రెండు మూడుసార్లు కదిపి చూశాడు. నువ్వే వండి పెట్టుకో అన్నాను. ఇప్పుడు ఒక్కడే వెళ్లి చూసొస్తుంటాడు.

పొద్దున్నే మాత్ర వేసుకుంటాను. పుల్లటి నీళ్లు ఎగదన్నకుండా మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించుకున్నాను. మంట తగ్గింది గానీ పోలేదు. పూర్తిగా పోకపోవచ్చని డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది.