లెక్కకు అందని మెమరీ

బహ్రెయిన్‌లో నేను పనిచేసే కంపెనీ లేబర్ క్యాంపులకు భోజనాలు పంపుతుంది. ఏ క్యాంపుకు ఎన్ని పొట్లాలు, వాటిలో మాంసం లేనివి ఎన్ని, ఏవి ఏ వ్యానులో ఎక్కాలి అన్న లిస్టులన్నీ జిదాఫ్స్‌లోని మా ఆఫీసు కంప్యూటర్ల నుంచే వంటశాలకు వెళ్తాయి. వాటిని చూసుకునేది ఇద్దరమే. కాకినాడ వైపు నుంచి వచ్చిన నేను, నా తర్వాత ఏడాదికి చేరిన జగిత్యాల అతను. వయసులో నాకంటే ఆరేళ్లు చిన్న. నన్ను ‘అన్నా’ అనేవాడు. నేనూ పైకి ‘తమ్ముడూ’ అనేవాణ్ణి గాని, అతని మీద నాకు నమ్మకం కుదరలేదు.

కారణాలు చెప్పుకుంటే చిన్నవే. నేను వెనక నుంచి వస్తే తెర మీద ఉన్నది చప్పున మూసేసేవాడు. డ్యూటీ అయ్యాక కూడా ఒక్కడే కూర్చునేవాడు. ఏం చేస్తున్నావని అడిగితే, “ఏం లేదన్నా, గిట్లనే చూస్తున్న” అనేవాడు.

ఒక జూలై శుక్రవారం పొద్దున్నే వంటశాల నుంచి ఫోను వచ్చింది. లిస్టులు రావడం లేదు. ఆఫీసుకు సెలవు, క్యాంపుల వాళ్ల ఆకలికి సెలవు లేదు కదా. పరుగున వెళ్లి సర్వర్ గది తలుపు తీస్తే వేడి ముఖాన కొట్టింది. కరెంటు ఒకసారి పోయి వచ్చినట్టుంది, ఏసీ మళ్లీ ఆన్ కాలేదు. మాకు రెండు పెద్ద సర్వర్లు. ఒక్కోదానిలో విడివిడి కంప్యూటర్ల మాదిరి నాలుగైదు వర్చువల్ మిషన్లు నడుస్తుంటాయి. వాటిలో ఒక సర్వర్ ఆ వేడికి చచ్చిపోయింది. లిస్టుల మిషన్ దానిలోనే ఉంది.

దానిలోని నాలుగు మిషన్లనూ బ్యాకప్ నుంచి తీసి రెండో సర్వర్లో లేపాలి. అలా లేపే ముందు నేను తప్పకుండా చూసేది ఖాళీ మెమరీ ఎంత ఉందన్నది. చాలినంత లేకుండా లేపితే కొత్తవి లేవకపోవడమే కాదు, నడుస్తున్నవి కూడా కుంటుపడతాయి. అందుకే రెండో సర్వర్లో ఎనభై ఎనిమిది జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాణ్ణి. నాలుగింటికీ కలిపి ఎనభై చాలు.

తెర మీద చూస్తే ఖాళీ నలభై. ఒక్క లిస్టుల మిషన్‌కే నలభై ఎనిమిది కావాలి.

వరసగా పేర్లు చదువుకుంటూ పోయాను. ‘టెస్ట్-2’ అని నేనెప్పుడూ చూడని మిషన్ ఒకటి నలభై ఎనిమిది జీబీ మింగి కూర్చుంది. నేను సెలవు మీద ఇంటికి వెళ్లిన వారంలోనే పుట్టింది. మిషన్ తయారుచేసే అధికారం మా ఇద్దరికే ఉంది. బయటివాళ్ల పని ఏదైనా మా సర్వర్ మీద చేసి పెడుతున్నాడా? కంపెనీ వివరాలు ఎక్కడికైనా పంపుతున్నాడా? అతన్ని అడగాలని నాకు తోచలేదు. నేరుగా మేనేజర్‌కు ఫోను చేసి సంగతి చెప్పాను. ఆయన బహ్రెయినీ, మాతో హిందీలో మాట్లాడతాడు.

“ఎవరు పెట్టారు?” అన్నాడు.

“చేయగలిగేది ఇద్దరమే సార్. నేనైతే పెట్టలేదు.”

ఆ మాట ఎంత ఆచితూచి అన్నానో నాకు తెలుసు.

“ఖలాస్, ఇక చాలు. నేను వస్తున్నా,” అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఈలోగా తాను ఉండే గలాలీ నుంచి జగిత్యాల అతను వచ్చాడు. చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. కళ్లలోకి చూస్తూ, “టెస్ట్-2 ఆపేస్తున్నా” అన్నాను.

“ఆపన్నా. గాని డిలీట్ మాత్రం కొట్టకు.”

“ఏం? ఏముంది అందులో?”

“ముందుగాల లిస్టుల మిషన్ లేపు. తర్వాత చెప్త.”

నా అనుమానం గట్టిపడింది. అతను ఏసీ సంగతి చూడటానికి అటు తిరగగానే ఆ మిషన్ వివరాలను ఫోనులో ఫొటో తీసుకున్నాను. తర్వాత దాన్ని ఆపాను. ఖాళీ ఎనభై ఎనిమిదికి వచ్చింది. బ్యాకప్ నుంచి లిస్టుల మిషన్ రావడానికి ముప్పావుగంట పట్టింది.

మిషన్ లేచింది. లిస్టులకు ఆధారమైన ఆర్డర్ల ఫైలు తెరుచుకోలేదు. అంతకుముందు రోజు బ్యాకప్ నుంచి ఒక్క ఫైలు మాత్రం తీసి చూశాను. అదీ అంతే. ఇంకో నాలుగు రోజుల వెనక్కి వెళ్లాను. అదీ అంతే. పదిన్నరకు వ్యాన్లు కదలాలి.

“ఓపెన్ కాదన్నా. రెండు వారాల సంది అయితలేదు,” అన్నాడు నెమ్మదిగా.

“నీకెలా తెలుసు?”

“టెస్ట్-2ల గదే చూస్తున్న. నీ బ్యాకప్ తీసి లేపి, ఫైల్ ఓపెన్ అయితదా లేదా అని. అయితలేదని తెలిసినంక రోజూ డ్యూటీ అయినంక అసలు ఫైలే కాపీ చేసి అండ్ల పెడుతున్న. నిన్న సాయంత్రం దాక ఉన్నయ్.”

“మరి నాకెందుకు చెప్పలేదయ్యా?”

“ప్రతి ఆదివారం బ్యాకప్‌లు మంచిగున్నయని సార్‌కు రిపోర్టు పంపుతున్నవ్ గదా. తెలిసే దాస్తున్నవనుకున్న. చెప్తే నా కాపీలు గూడ తుడిచేస్తవేమోనని భయమైంది.”

నేను పంపే రిపోర్టు బ్యాకప్ తీశామని చెప్పేదే గాని, అది తెరుచుకుంటుందని చెప్పేది కాదు. ఏడాదిగా ఒక్కటీ తెరిచి చూడలేదు నేను.

చెడిపోయినదాన్ని ఆపి టెస్ట్-2ను లేపాం. దాన్నే లిస్టుల మిషన్ స్థానంలో నిలబెట్టాం. మిగిలిన నలభైలో చిన్న మిషన్లు మూడూ పట్టాయి. ఆ ఉదయం మార్పులేమున్నాయో అతను ఒక్కో క్యాంపుకూ ఫోను చేసి కనుక్కుంటుంటే నేను ఎక్కించాను. వ్యాన్లు ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలాయి.

అప్పుడొచ్చాడు మేనేజర్. తెర చూసి, “ఇదేనా నువ్వు చెప్పిన దొంగ మిషన్?” అని నన్నడిగాడు.

అతను నా వైపు తిరిగాడు.

“దొంగది కాదు సార్. దాని వల్లే భోజనాలు వెళ్లాయి. చెడిపోయినవి నా బ్యాకప్‌లు. నేను చూసుకోలేదు.”

మేనేజర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “మీ ఇద్దరి కుర్చీల మధ్య ఎంత దూరం?” అన్నాడు. ఆయన వెళ్లిపోయాడు.

“దొంగ అన్నవా అన్నా?”

“ఆ మాట ఆయనది. నేను చెప్పిన తీరుకు అర్థం మాత్రం అదే.”

అతను తలాడించాడు. “నేను గూడ నీ మీద సార్‌కు మెయిల్ రాసిపెట్టుకున్న. పంపలే.”

కోపం రావాల్సింది. రాలేదు. ఇద్దరం కిందికి దిగి పాలు లేని సులేమానీ టీ తాగాం. ఎవరి టీ వాళ్లే తెచ్చుకున్నాం.

చచ్చిన సర్వర్ బాగై, దాని నాలుగు మిషన్లూ తిరిగి అందులోకి చేరాక, ప్రతి గురువారం ఒక మిషన్‌ను బ్యాకప్ నుంచి లేపి చూడటం ఇద్దరం కలిసి చేయాలన్నది నియమమైంది. మొదటి గురువారం అతను ఖాళీ మెమరీ చదివి, “ఎనభై ఎనిమిదన్నా” అన్నాడు. సరేనని ఊరుకోలేకపోయాను. మౌస్ అందుకుని నా కళ్లతో నేను ఇంకోసారి చూసుకున్నాను. అతనేమీ అనుకోలేదు. లేచిన మిషన్‌లో ఫైలు తెరుచుకుందని నేను చెబితే, “జర జరుగన్నా” అని కుర్చీ ముందుకు లాక్కుని తానూ తెరిచి చూశాడు.