గంగులు కోసిన వల

మా గంగులు నేవీలో టగ్గు మీద పనిచేసి వచ్చాడు. కోనాడ అవతల మా పేటలో అందరం చేపల వేటవాళ్లమే. సర్కారు ఉద్యోగం ముందుగా వచ్చింది వాడికే. రెండువేల పదిహేనులో పింఛను తీసుకుని ఇంటికొచ్చాక, పొద్దున్నే నా ఇడ్లీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చుని ఆ కబుర్లే చెప్పేవాడు. విశాఖ రేవులో ఎంత యుద్ధనౌకైనా తనంతట తాను గట్టుకు చేరలేదట. ఈ బుడ్డ టగ్గే వెళ్లి ముక్కుతో నెట్టాలట, తాడేసి లాగాలట. ఓడ గట్టుకు గుద్దుకుంటే తిట్లు మాత్రం టగ్గువాళ్లకేనట. ఇడ్లీలు చల్లారిపోతున్నా వినేవాళ్లు కదిలేవారు కాదు. కానీ పోతురాజు ఆ దారిన కనిపిస్తే చాలు, గంగులు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకునేవాడు.

పోతురాజును పేట వెలివేసి అప్పటికి మూడేళ్లు. గంగులు మేనమామ అప్పలసూరి వల సముద్రంలో ముక్కలై దొరికింది. తెగిన చోటల్లా కత్తి కోతే. అంతకు కొద్దిరోజుల ముందే వల వేసే చోటు గురించి అప్పలసూరీ పోతురాజూ కొట్టుకున్నారు. ఇంకేముంది, కోసింది పోతురాజే అన్నారు. గంగమ్మ గుడి ముందు నిలబెట్టారు. తాను కొయ్యలేదని అతను తల్లి పాదాల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. వేటవాడి వల కోయడమంటే కంచంలో కూడు లాక్కోవడమే. ఆ కోపంలో ఒట్టు ఎవడికి కావాలి? అతని చేపలు ఎవరూ కొనకూడదన్నారు, అతని పడవకు ఎవరూ భుజం ఇవ్వకూడదన్నారు. మా దగ్గర పడవ నీళ్లలో పడాలంటే కింద దుంగలు వేసి పదిమంది నెట్టాలి. అప్పటినుంచి మొగుడూ పెళ్లామూ ఇద్దరే నెట్టుకునేవారు. ఆ నెట్టుడుకి కూర్మమ్మ నడుం పోయింది.

గుడి ముందు తీర్పు చెప్పిన ఆరోజు పెద్దల పక్కన, సెలవు మీద వచ్చిన గంగులు కూడా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

వాడు ఊళ్లోకి వచ్చేసిన కొన్నాళ్లకు, ఒక ఉదయం అల తగిలి పోతురాజు పడవ వెనక్కి జారింది. కూర్మమ్మ ఇసకలో బోర్లాపడింది. గంగులు టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి పరిగెత్తాడు, పడవకు భుజం ఆనించాడు. పోతురాజు కంగారుపడిపోయాడు.

"ఒగ్గీ బాబూ, సెయ్యి తీసీ. నిన్ను కూడా ఎలేస్తారు."

ఆ మాటకు గంగులు అక్కడే కూలబడి ఏడ్చాడు. మేమంతా పోగయ్యాక చెప్పాడు. ఆ ఏడు చెడిపోయిన ఓడను లాక్కురావడానికి మా వైపు వచ్చినప్పుడు, నడిసముద్రంలో వాళ్ల టగ్గు పంకాకు ఏదో వల చుట్టుకుందట. వేటవాళ్ల బిడ్డవి కదా, దిగి కోసెయ్యమని పైఅధికారి అన్నాడట. దిగి చూస్తే, వలను తేల్చే బెండ్లకు మేనమామ పెళ్లాం గున్నమ్మత్త పాత చీర పీలికలు కట్టి ఉన్నాయట. మేనమామ వలేనని తెలిసి కూడా కోశాడట.

"మావకి సెప్పుదామనే సెలవెట్టి వచ్చినాను. అప్పటికే గుడి కాడ అందరూ ఉన్నారు. నన్ను పెంచినోడి వల కోసినానని ఏ మొకంతో సెప్పాల? రేపు సెప్తాను, రేపు సెప్తాననుకున్నాను."

ఓరి సన్నాసీ! పైవాడు కోయమంటే కోశానని చెప్పడానికి ఏం రోగం? అప్పలసూరి నాలుగు తిట్టి ఊరుకునేవాడు. ఒంటి మీద నేవీ బట్టలు తెలుపైతే సరిపోయిందా? నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పలసూరి తలగుడ్డ తీసేసి, వెళ్లి పోతురాజు చేతులు పట్టుకున్నాడు. వెలి ఆ పూటే పోయింది. మర్నాడు పోతురాజు పడవ చుట్టూ నిలబడ్డానికి చోటు లేనంతమంది వచ్చారు. గంగులూ వచ్చి చెయ్యి వేశాడు. పోతురాజు ఆ చెయ్యి పట్టుకుని మెల్లిగా తీసేశాడు.

"వల కోసినందుకు కాదు బాబూ. అమ్మోరి ముందు నేను ఒట్టేస్తన్నప్పుడు నువ్వు నా మొకమే సూస్తా కూకున్నావు."

గంగులు ఇప్పుడు టగ్గు కబుర్లు ఎవరడిగినా చెప్పడు. రోజూ వేకువనే రేవుకు వచ్చి, అందరూ నెడుతుంటే పక్కన నిలబడతాడు. పడవ వెళ్లిపోయాక తడిసిన దుంగలు ఒక్కొక్కటే ఎత్తుకెళ్లి గట్టున పెడతాడు. పోతురాజు వద్దనలేదు, రమ్మనీ అనలేదు.