తమలపాకంత శిఖరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ విసుక్కునేది నేనే. అయితే ఒక మధ్యాహ్నం మాత్రం ఇల్లు ఇల్లంతా నాకు తోడుగా విసుక్కుంది. మా చిన్నాయన మద్రాసు నుంచి తెచ్చిన రెండు లెన్సుల్లో ఏది ఉంచుకోవాలో తేలక వచ్చిన గొడవ అది.

మాది వేంపల్లెకు దగ్గర్లో ఒక పల్లె. మా జేజికి, అంటే మా నాయన వాళ్లమ్మకు, తీరకుండా మిగిలిపోయిన కోరిక ఒక్కటే, శ్రీశైల శిఖరం చూడటం. ఆ రోజుల్లో శ్రీశైలం పోవాలంటే నల్లమల అడవిలో కాలినడకే. పిల్లలు, సేద్యం, బర్రెలు అంటూ ఏళ్లు గడిపేసింది. తీరిక దొరికేసరికి మోకాళ్లు పోయాయి. ఆ తర్వాత కళ్లకు శుక్లాలు కమ్మాయి. ఆపరేషను అంటే కళ్ల మీద కత్తి పెట్టనివ్వనని మొండికేసింది. చూపు ఏడాదికేడాది తరిగిపోతోంది. చూస్తే ఇప్పుడే చూడాలి, లేకపోతే ఇక లేదు.

మా చిన్నాయనకు ఫోటోల పిచ్చి. ఆ ఏడు శివరాత్రికి కొండకు పోయి, శిఖరేశ్వరం మీద నుంచి గుడి శిఖరాన్ని ఫోటో తీసి, స్లైడు చేయించుకొచ్చాడు. అమ్మకు ఇంట్లోనే శిఖర దర్శనం చేయిస్తానన్నాడు. స్లైడును గోడ మీద బొమ్మగా వేసే ప్రొజెక్టరు ఇచ్చిన మద్రాసు అంగడివాళ్లు రెండు లెన్సులు చేతికిచ్చి, ఇంట్లో వేసి చూసుకొని ఒకటి తిప్పి పంపమన్నారట. పొట్టి లెన్సు పెడితే బొమ్మ గోడంతా పరుచుకుంటుంది. పొడుగు లెన్సు పెడితే అదే దూరం నుంచి చిన్న బొమ్మ పడుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? కళ్లు సరిగా కనపడని మనిషికి పెద్ద బొమ్మే కదా కావాలి. నేనూ చిన్నాయనా ఒకే మాట మీద ఉన్నాం. పొడుగు లెన్సును గుడ్డలో చుట్టి, తిప్పి పంపడానికి పక్కన పెట్టేశాడు కూడా.

మా ఊళ్లో కరెంటు లేదు. తెలిసినవాళ్ల లారీ బ్యాటరీ అడిగి తెచ్చి, దాంతో ప్రొజెక్టరు దీపం వెలిగించాడు. మాది మట్టి మిద్దె. తలుపులు మూసి, వెలుతురు కోసం పైకప్పులో వదిలిన గవాచి మీద గోనెసంచి కప్పితే పట్టపగలే చీకటి. ఉక్క కూడా చెప్పలేనంత. జేజి తలకు పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని, శిఖరం చూసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని గోడకు ఎదురుగా కూర్చుంది. అమ్మ ఓళిగలు చేసి మూత పెట్టింది. దర్శనం కాందే నాకు కూడా పెట్టరట. నా కోపానికి సగం కారణం ఆ ఓళిగలే.

శిఖరం గోడ నిండా వచ్చింది గానీ, నీళ్లెక్కువ పోసిన మజ్జిగలా పల్చగా ఉంది. ఆ బ్యాటరీ దీపానికి అంత గోడను వెలిగించే శక్తి ఎక్కడిది? జేజి వెనక కూర్చుంటే ఆమెకు కనిపించింది గోడకు కొట్టిన సున్నమే. ముందుకు జరిగితే ఆమె నీడే శిఖరం మీద పడింది. ప్రొజెక్టరునే గోడ దగ్గరికి జరిపితే ఆ పెట్టె ఆమెకు అడ్డమొచ్చింది. చిన్నాయన జరిపాడు, ఎత్తాడు, దించాడు, లెన్సు తుడిచాడు. ఇంతలో గాలికి గోనెసంచి తొలగి గవాచి నుంచి ఎండ పడింది. నన్ను మిద్దె ఎక్కి కప్పి రమ్మన్నాడు. కాళ్లు కాలుతుంటే తిట్టుకుంటూ ఎక్కి దిగాను.

నేను తిరిగి వచ్చేసరికి చిన్నాయన చెమటతో తడిసిపోయి ఉన్నాడు. లెన్సు ముందుకూ వెనక్కూ తిప్పుతూ, "ఇప్పుడన్నా కనపడ్తాందామ్మా?" అన్నాడు. ఆ గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"కనపడ్తాంది నాయనా. శానా బాగుండాది," అని జేజి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

నేను గోడకేసి చూశాను. గోడ మీద ఉత్త వెలుతురు తప్ప ఏమీ లేదు. స్లైడు తుడవడానికి తీసింది తీసినట్టే చిన్నాయన ఎడమ చేతిలో ఉండిపోయింది. "జేజీ, బొమ్మ ఇంకా పెట్టనేలేదు," అని అనేశాను.

జేజి చేతులు మెల్లగా ఒడిలోకి దిగాయి. చిన్నాయన స్లైడు పక్కన పెట్టి, నేల మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. నాకు జేజి మీద ఒళ్లు మండింది. కనపడకపోతే కనపడలేదని చెప్పొచ్చు కదా? కొడుకు పడే అవస్థ చూడలేక అలా అన్నదని నాకు అప్పుడు తట్టలేదు.

మా అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి జేజి పక్కన కూర్చుంది. "అత్తా, చూసొచ్చినోళ్లు శిఖరం ఎంత ఉంటాదని చెప్తారు?" అని అడిగింది.

"నంది కొమ్ముల సందులోనుంచి చూడాలంటమ్మా. శానా దూరం కదా, ఆ నడమ తమలపాకంత కనపడ్తాదంట," అంది జేజి.

"విన్నావా అప్పా? ఆమె తమలపాకంత అడుగుతాంటే నువ్వు గోడంత చూపిస్తాండావు," అంది అమ్మ మరిదితో.

"పెద్దదే కనపడనామెకు చిన్నదెట్ల కనపడ్తాది వదినా?" అని చిన్నాయన విసుక్కున్నాడు. విసుక్కుంటూనే గుడ్డ విప్పి పొడుగు లెన్సు తీసి బిగించాడు.

బొమ్మ చేటంత పడింది. కానీ గోడంతా చెదిరిపోయిన వెలుగు ఆ చేటంత చోట్లోనే కుదురుకుంది. శిఖరం తెల్లగా, గట్టిగా నిలబడింది. జేజి నీడ పడకుండా పక్కగా, గోడకు దగ్గరగా జరిగి, రెండు వేళ్లు కొమ్ముల్లా కంటి ముందు పెట్టుకొని చూసింది. చాలాసేపు చూసింది.

"ఏం నాయనా, శిఖరం ఇట్ల పక్కకు వాలిండాదే?" అంది చివరికి.

చిన్నాయన గబుక్కున లేచాడు. ఫోటో తీసేటప్పుడు జనం తోసేసరికి కెమెరా వంగిందట. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. ఇప్పుడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని ముఖంతో పెట్టె కింద ఒక పక్క చెక్కముక్క దోపాడు.

"ఇంకొంచెం. ఆ, ఇప్పుడు నిలబడింది," అని జేజి అప్పుడు మొక్కింది. కళ్ల నుంచి ధారగా నీళ్లు కారాయి, తుడుచుకోలేదు.

పొట్టి లెన్సు మద్రాసుకు తిరిగిపోయింది. గోడంత బొమ్మ పోయిందని నేను మూతి ముడుచుకునే ఓళిగలు తిన్నాను. కొన్నేళ్లకు జేజి చూపు పూర్తిగా పోయింది. ఇంటికి ఎవరొచ్చినా, శిఖరం మొదట కొంచెం వాలి ఉండేదనీ, తాను చెప్తేనే కొడుకు నిలబెట్టాడనీ చెప్పుకునేది.

ఇప్పుడు నా కళ్లకూ మసక పట్టింది. మనవరాలు ఫోన్ నా ముఖం ముందు పెట్టి, ఏదో ఫోటో చూపించి, "కనపడిందా జేజీ?" అంటుంది. కనపడిందిలే అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. అనేస్తే ఆ పిల్ల సంతోషిస్తుంది, నాకూ పని తప్పుతుంది. కానీ ఉత్త గోడకు మొక్కిన ఆ చేతులు నేను చూశాను. అందుకే, "కనపళ్లేదమ్మా," అంటాను. ఆ పిల్ల విసుక్కుంటుంది. విసుక్కుంటూనే నా పక్కకు జరిగి కూర్చొని, మళ్లీ చూపిస్తుంది.