మూసిన డిక్కీని మూయలేదన్న కారు

ఆ బుధవారం పొద్దున కారులో కూర్చోగానే, డిక్కీ తెరిచి ఉందని స్క్రీన్ మీద ఎర్రటి బొమ్మ వెలిగింది. దిగి వెనక్కి వెళ్లి చూశాను. మూసే ఉంది. అయినా ఒకసారి తెరిచి, పక్కింటి కిటికీ అద్దాలు అదిరేలా వేశాను. తిరిగి వచ్చి కూర్చుంటే అదే బొమ్మ. గేరు వేస్తే కారు కదలనంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పూర్తయిందని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నన్ను అడిగిన పాపాన పోలేదు.

తమిళనాడు ధర్మపురిలో మా వాళ్లది మూడు తరాల పాత్రల అంగడి. మా ఆయన ఆ అంగడి వదిలి కదలరు. నలభై ఆరో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, ఇంట్లో అందరితో వాదించి ఈ కరెంటు కారు కొనిపించింది నేను. అత్తకు నెలకోసారి సేలంలో కంట్లో ఇంజెక్షన్ వేయించాలి. కారు రాకముందు కంటికి కట్టుతో, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి వచ్చేది ఆవిడ. ఇక నా సంగతి అంటారా, బస్సు టైము చూసుకోకుండా, ఎవరినీ బతిమాలకుండా బయటికి వెళ్లగలిగింది పెళ్లయిన ఇరవై నాలుగేళ్లకు.

మా ఆయన వాకిట్లోకి వచ్చి ఆ ఎర్ర బొమ్మను చూశారు.

"చెప్తినా లేదా? కరెంటుది వద్దంటే విన్నావా నువ్వు? బొమ్మిడిలో మామ కొడుకు దీన్ని అమ్మమని అడగతానే ఉన్నాడు. శుక్రవారం రమ్మంటాను. బాగు చేసుకుంటే చేసుకోనీ, తీసుకొని పోనీ."

"అంతలోపల సరి అయితే?"

"సరి అయితే పెట్టుకో. లేకుంటే బస్సు ఉండనే ఉంది."

"బస్సు మీ అమ్మకా, మీకా?"

ఆయన చెప్పులు వేసుకుని అంగడికి వెళ్లిపోయారు. నా చేతిలో ఉన్నవి రెండు రోజులు.

సేలం సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి అందినవాణ్ణి అందినట్టు కడిగేశాను. బాగున్న కారును మీరే పాడు చేశారన్నాను. మూసిన తలుపును తెరిచి ఉందని చెప్పే సాక్షిని ఏ కోర్టులోనూ నిలబెట్టరన్నాను. అవతలి మనిషి అంతా విని, తొణకకుండా తమిళంలో చెప్పాడు. "మేడం, నాలుగు తలుపులూ ఒక్కొక్కటే తెరిచి మూయండి. బొమ్మ మారుతుందో లేదో ఎవరినైనా చూడమనండి."

ఇంట్లో ఉన్నది అత్త ఒక్కతే. డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేను చుట్టూ తిరిగాను.

"ఎడమ వెనకది తెరిచినాను. ఏమి చూపిస్తా ఉంది అత్తా?"

"ఒక రెక్క విప్పింది. కోడిపెట్ట మాదిరి ఉంది."

"మూసినాను."

"మడిచింది."

నాలుగు తలుపులకూ రెక్కలు సరిగ్గానే విప్పి మడిచింది. డిక్కీ దగ్గరికి వచ్చేసరికి తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

"ఇప్పుడు గట్టిగా మూసినాను."

"మడవలేదే. అది కూడా నీ మాట వినేది మానేసింది."

సెన్సార్ లాక్‌లోనే ఉంటుందనీ, టార్చ్ వేసి లోపల చూడమనీ అతను చెప్పాడు. చూశాను. లోపలంతా పసుపుపచ్చగా ఉంది. తలపిన్నుతో గీకితే పొరలు పొరలుగా పెచ్చులు రాలాయి, మధ్య మధ్య కుంకుమ ఎరుపుతో. తలుపుల కింది అంచుల్లోనూ పలచగా అదే రంగు. ఎర్రమట్టి అనుకుని ఇన్నాళ్లూ తుడుస్తూ వచ్చాను.

"అత్తా, ఇది పసుపు కదా?"

ఆవిడ స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. "శుక్రవారము గడపకి పెడతాను కదా. దానికీ పెడతా ఉన్నాను."

"కారుకి గడప ఎక్కడిది?"

"దాటుకొని లోపలికి పోయేదంతా గడపే. దానికి అయిదు ఉండాయి. సేలం దారిలో తొప్పూరు దిగుడులో లారీలు పడేది చూస్తానే ఉన్నాను. నువ్వేమో ఒంటిగా పోతావు."

వచ్చేపోయే వాళ్ల ముందు ఆ కారును కొమ్ముల్లేని దున్నపోతు అనే మనిషి. నేను స్నానానికి వెళ్లినప్పుడు తాళంచెవి తీసుకుని వారం వారం ఈ పని చేస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఫోన్‌లో అతను ఇంకా ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

"తడిగుడ్డతో తుడిచి మూయండి మేడం."

తుడిచి మూశాను. టక్ మని ఒకసారి, వెంటనే ఇంకోసారి శబ్దం వచ్చింది. బొమ్మ ఆరిపోయిందని అత్త లోపలి నుంచి చెప్పింది.

"ఇదివరకు ఒక్క శబ్దమే వచ్చేదా?" అన్నాడతను.

"అవును."

"అంటే లాక్ సగమే పడేది మేడం. పాత సాఫ్ట్‌వేర్‌లో బండి ఆగదు, బీప్ మాత్రం వస్తుంది. మీకు వినిపించలేదా?"

వినిపించింది. నెలల కిందటే వినిపించింది. మూసిన తలుపు గురించి నాతో వాదిస్తుందా అని సెట్టింగుల్లోకి వెళ్లి దాని నోరు మూయించింది నేనే. అప్పటినుంచి స్క్రీన్ మూల మినుకుమంటున్న గుర్తును చూసీ చూడనట్టు వదిలేశాను.

వేసవి సెలవుల్లో మా ఆడపడుచు వాళ్లంతా వచ్చారు, చిన్న మనవరాళ్లు ఇద్దరితో సహా. వత్తల్‌మలై కొండ చూపిస్తానని అందరినీ తీసుకెళ్లాను. సీట్లు చాలక ఆ పిల్లలిద్దరినీ డిక్కీలో కూర్చోబెట్టాను. కొండ మలుపులన్నీ ఆ తలుపుకే వీపులు ఆనించుకుని, పాటలు పాడుతూ ఎక్కారు. ఎత్తులో కారు వెనక్కి వాలినప్పుడల్లా కిలకిలా నవ్వారు.

ఆ తలుపును మళ్లీ తెరిచి మూశాను, రెండు శబ్దాలూ లెక్కపెట్టుకుంటూ. "మేడం, లైన్‌లో ఉన్నారా?" అని అతను రెండుసార్లు అడిగాడు. అరగంట సేపు అతన్ని తిట్టిన నోటితోనే, ఆ బీప్‌ను మళ్లీ ఎలా తెప్పించాలో అడిగాను.

సాయంత్రం మా ఆయన రాకముందే అత్త మాట సిద్ధం చేసింది. "అప్‌డేట్‌ది తప్పు, సరి చేసినారని చెప్పు. చాలు."

కానీ ఆయన ఎదురుగా కూర్చున్నాక అంతా చెప్పేశాను, పిల్లల సంగతితో సహా. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "ఆ బిడ్డలకి ఏమన్నా అయ్యుంటే?" అన్నారు. ఫోన్ తీశారు. "శుక్రవారం దాకా ఎందుకు, మామ కొడుకుని రేపే రమ్మంటాను."

"రమ్మనండి" అన్నాను. నా జన్మలో వాదించకుండా వదిలేసిన మొదటి మాట అదే అనుకుంటాను.

అత్త మాత్రం వదల్లేదు. "పసుపు పెట్టింది నేను. దాని నోరు మూయించింది ఇది. ఇంతమందిలో నిజము చెప్తా వచ్చింది అది ఒక్కటే. దాన్నే అమ్ముతావా నువ్వు? సోమవారము నాకు సూది ఉంది. అంగడి మూసి నువ్వు తీసుకొని పోతావా?"

ఆయన ఫోన్ బల్ల మీద బోర్లించారు. మళ్లీ దాన్ని తీయలేదు.

సోమవారం అత్తతో సేలం బయలుదేరాను. తొప్పూరు దిగుడుకు ముందే ఒక టీ అంగడి దగ్గర ఆపి, దిగి వెళ్లి డిక్కీని రెండు చేతులతో లాగి చూశాను. రాలేదు. మళ్లీ లాగాను.

"మూసిందనే కదా చూపిస్తా ఉంది. ఇంకా ఏమే?" అంది అత్త కిటికీలోంచి.

ఏమీ లేదన్నాను. సీట్లోకి వచ్చి కూర్చుని, స్క్రీన్ మీద బొమ్మ అయిదు రెక్కలూ మడిచే ఉందో లేదో ఒక్కొక్కటే లెక్కపెట్టి, అప్పుడు గేరు వేశాను.